క్యాంపస్‌లో అన్నం పెట్టేవాళ్లు మామూలు మంగళవారం గురించి ఆలోచించాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. కాలేజీలు తెరిచే రోజుల్లో ప్రతి ఏడాదీ మన తిరుపతి యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట పిల్లలు కూడుకుని, తోటి విద్యార్థులకు మధ్యాహ్నం భోజనం పెడదామని సంకల్పిస్తారు. మంచి సంకల్పం. కానీ చాలాసార్లు అది మొదటి రోజు ఐదు వందల మందికి చిత్రాన్నం పంచడంతో మొదలై, మూడో వారానికల్లా ఆగిపోతుంది. అప్పటికే దాన్ని నమ్ముకుని బాక్సు తెచ్చుకోవడం మానేసిన పిల్లలకు, అసలు మొదలుపెట్టకపోవడం కంటే అది ఎక్కువ నష్టం. క్యాంపస్ వంటశాల పని తెలిసిన పూర్వ విద్యార్థులుగా, ఈ ఏడాది ఆ పనికి పూనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని లెక్కలతో సహా ఈ లేఖ రాస్తున్నాం. పరీక్షల నెలలో, వాలంటీర్లు సగం మంది రాని ఒక మామూలు మంగళవారం నాడు కూడా 12.15కి అన్నం సిద్ధంగా ఉండేట్టు మొదటి రోజు నుంచే ఏర్పాటు చేసుకోవాలన్నదే మేం చెప్పదలచుకున్నది.

అవసరం ఎవరికన్నది ముందు చూడాలి. పదో తరగతి దాకా బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ పెడుతున్నారు. ఇంటర్ దాటి డిగ్రీలో, పీజీలో చేరగానే ఆ పళ్లెం ఆగిపోతుంది. పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు తెల్లవారి ఆరున్నర ఏడు గంటలకే బస్సెక్కాలి. అంత పొద్దున అమ్మ వంట కాదు, అయినా ఎండాకాలంలో పొద్దున కట్టిన పెరుగన్నం ఒంటిగంటకు పులిసిపోతుంది. హాస్టల్లో ఉన్నవాళ్లలో మెస్ బకాయి పడి కార్డు ఆగినవాళ్లు ఉంటారు. ఫెలోషిప్ నెలల తరబడి రాక చేబదుళ్లతో నెట్టుకొచ్చే రీసెర్చ్ స్కాలర్లు ఉంటారు. వీళ్లెవరూ మాకు ఆకలి అని వచ్చి అడగరు. ఊళ్లో 5 రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నమాట నిజమే, దగ్గరున్నవాళ్లు నిస్సంకోచంగా అక్కడికి వెళ్లాలి. కానీ గంట విరామంలో బయటికి వెళ్లి, వరుసలో నిలబడి, తిని ల్యాబుకు తిరిగి రావడం చాలామందికి కుదరదు.

అన్నదానం ఎలా నిలబడుతుందో మన ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైనప్పుడు రోజుకు రెండు వేల మందికే పెట్టేవారు. దాతల విరాళాలను బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, ఆ వడ్డీతో నడిపే పద్ధతి పెట్టుకున్నారు. తరిగొండ వెంగమాంబ పేరిట అంత పెద్ద భవనం 2011లో గానీ రాలేదు. ముందు చిన్న సంఖ్య, దానికి తగ్గ నిల్వ, రోజూ తప్పని పొయ్యి. భవనమూ జనమూ ఆ తర్వాత వచ్చాయి. క్యాంపస్‌లో పిల్లలు దీన్ని తలకిందులుగా చేస్తుంటారు.

కాబట్టి 50 మందితో మొదలుపెట్టండి, వారానికి ఐదు రోజులు. వారానికి ఒకరోజు 300 మందికి పెట్టడం కంటే ఇది మేలు. రోజూ ఉంటుందని తెలిస్తేనే ఒక విద్యార్థి తన నెల ఖర్చులోంచి మధ్యాహ్నం భోజనం తీసేసి ఆ డబ్బు బస్సుపాసుకో పుస్తకానికో పెట్టుకోగలడు. శుక్రవారం మాత్రమే పెట్టే అన్నం ఆ పూటకు సంతోషమే గానీ, అతని నెల లెక్కలో ఏమీ మారదు.

50 మందికి అన్నం, సాంబారు, ఒక కూర, మజ్జిగ పెట్టాలంటే కొలతలు ఇవి. బియ్యం ఆరున్నర కిలోలు, అంటే మనిషికి 130 గ్రాములు. పెళ్లి వంటల్లో కిలోకి ఏడెనిమిది మంది అనే లెక్క కూడా ఇక్కడికే వస్తుంది. మార్కెట్లో ఇప్పుడు బస్తా 26 కిలోలు కాబట్టి ఒక బస్తా సరిగ్గా నాలుగు రోజులు. కందిపప్పు కిలోన్నర, సాంబారులోకి కూరగాయలు 3 కిలోలు, కూరకు 5 కిలోలు, చింతపండు పావుకిలోకి కాస్త పైన, సాంబారు పొడి 150 నుంచి 175 గ్రాములు, నూనె లీటరు, ఉప్పు మొత్తం మీద పావుకిలో. సాంబారు పన్నెండున్నర లీటర్లు దిగాలి, మనిషికి పావులీటరు. మూడు లీటర్ల పెరుగులో ఆరు లీటర్ల నీళ్లు కలిపి చిలికితే తొమ్మిది లీటర్ల మజ్జిగ. కమర్షియల్ పొయ్యి మీద గ్యాసు రోజుకు రెండు కిలోల దాకా కాలుతుంది, 19 కిలోల సిలిండరు తొమ్మిది రోజులకు మించి రాదు. ఎనిమిదో రోజే రెండోది తెప్పించి పెట్టుకోవాలి. సాంబారు మరుగుతుండగా గ్యాసు అయిపోతే ఆ రోజు పని ఆ రోజుకు చెడినట్టే.

డబ్బు లెక్క కూడా చెబుతాం, ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఉజ్జాయింపుగానే తీసుకోండి. బియ్యం 360 రూపాయలు, పప్పు 195, కూరగాయలు 280, నూనె 150, పెరుగు 180, గ్యాసు 190, చింతపండు పోపుసామాను ఉప్పు పొడులు కలిపి 120. మొత్తం 1,475. పళ్లేనికి 30 రూపాయలు పడుతుంది. వంటమాస్టరుకూ, గిన్నెలు తోమే ఆమెకూ కలిపి రోజుకు 800 అనుకుంటే పళ్లెం 45 దాటుతుంది. నెలకు 22 పనిరోజులు, 50 వేల రూపాయలు. మూడు నెలల ఖర్చు, అంటే లక్షన్నర చేతిలో పడేదాకా పొయ్యి వెలిగించవద్దని మా గట్టి సలహా. మొదటి నెల చందాలు ధారాళంగా వస్తాయి, రెండో నెల సగమవుతాయి, మూడో నెల ఫోన్లు ఎత్తరు. ఆ మూడు నెలలు గట్టెక్కితే వంట నాణ్యత చూసి శాశ్వత దాతలు నిలబడతారు.

దాతలు ఎక్కువగా ఫలానా రోజు మా అబ్బాయి పుట్టినరోజు, ఆ రోజు ఖర్చంతా మాదే అంటారు. వద్దనకండి. అయితే రోజు ఖర్చు 2,300 అని చెప్పి నెల ఖాతాకు జమ చేసుకోండి, ఆ రోజు బోర్డు మీద వాళ్ల పేరు రాయండి. ఆ రోజుకని ప్రత్యేకంగా మిఠాయిలు, రెండు కూరలు చేయవద్దు. ఒక రోజు విందు, మర్నాడు చారు నీళ్లు అయితే వరుసలో నిలబడ్డ పిల్లలకు తేడా తెలుస్తుంది. శని ఆదివారాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి దాతలు పోటీ పడతారు. మనకు దాతలు కావలసింది మాత్రం నవంబరులో ఏ మంగళవారానికో.

వస్తురూపంలో ఇస్తామన్నవాళ్లను సోనా మసూరి బస్తా, 25 కిలోల కందిపప్పు, 15 కిలోల నూనె డబ్బా అడగండి. ఒక్క విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. రేషన్ బియ్యం ఎవరు ఇచ్చినా, ఎంత ప్రేమతో ఇచ్చినా తీసుకోవద్దు. చౌకబియ్యం కార్డుదారుడి ఇంటి వంటకు ఉద్దేశించింది. అది బస్తాల్లో మీ స్టోర్‌రూంలో కనిపిస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఎ కేసుకు, అంటే సరుకు జప్తుకు దారి తీస్తుంది. దానం ఇచ్చినాయన అప్పుడు పక్కన ఉండడు, స్టాకు రిజిస్టరు మీద సంతకం పెట్టిన విద్యార్థి ఉంటాడు.

ఇక వంట. మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. నీటిలోని కాల్షియం పప్పులోని కణాల గోడను బిగించేస్తుంది. పప్పు మంచిది కాదని కొట్టువాడితో గొడవ పడేముందు నీళ్లు మార్చి చూడండి. పప్పు ఉడికించడానికి మాత్రం తెలుగుగంగ కుళాయి నీళ్లో ఆర్వో నీళ్లో నాలుగున్నర లీటర్లు విడిగా పెట్టుకుంటే చాలు. అరగంట నానబెట్టి, పసుపు, చెంచాడు నూనె వేసి ఉడికించాలి. చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయాలి. తొందరపడి ముందే పోస్తే పులుపు తగిలి పప్పు అక్కడే ఆగిపోతుంది, ఇంకో గంట గ్యాసు కాల్చినా మెదగదు. సాంబారును అల్యూమినియం గుండిగలో ఉంచవద్దు, పులుపుకు లోహం దిగుతుంది. స్టీలు మేలు. ఇత్తడివి ఎవరైనా ఇస్తే లోపల కళాయి ఉందో లేదో చూసుకుని వాడాలి.

అన్నానికి పాత బియ్యమైతే కిలోకి రెండున్నర లీటర్ల ఎసరు, కొత్త బియ్యమైతే రెండు లీటర్లు. సంక్రాంతి తర్వాత మార్కెట్లోకి కొత్త బియ్యం వస్తాయి. ఏడాదంతా బాగా వండిన వంటమాస్టరు చేతిలోనే అన్నం ముద్దగా అయిందంటే ఆయన తప్పు కాదు, బస్తా మారింది. కొత్త బస్తా విప్పగానే ఒక గ్లాసు బియ్యం విడిగా వండి చూసి ఎసరు లెక్క బస్తా మీదే రాసిపెట్టండి. ఆరున్నర కిలోలకు 35 లీటర్ల గిన్నె కావాలి. అంతకంటే పెద్దది ఒక్కటే తీసుకుని వంద మందికి ఒకేసారి వండుదామనుకుంటే అడుగున మాడి, పైన పలుకు మిగులుతుంది. వందకు పెరిగిన రోజున కూడా రెండు గిన్నెల్లో, పావుగంట తేడాతో వండండి. రెండో గిన్నె వేడి తగ్గకుండా చివరి వరుసకు అందుతుంది. ఇంకో సంగతి, మనుషులు రెట్టింపయితే బియ్యం, పప్పు రెట్టింపవుతాయి గానీ ఉప్పూ కారం పోపూ కావు. ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచాలి. పెద్ద గిన్నెలో ఆవిరయ్యే నీళ్లు తక్కువ కాబట్టి సాంబారుకూ నీళ్లు రెట్టింపు పట్టవు.

కూరగాయలకు రైతుబజారు నయం. టమోటాను నమ్ముకుని వారం మెనూ రాసుకోకండి. పక్కనే మదనపల్లె ఉందని ధీమా వద్దు, 2023 జూలై చివర్లో అదే మార్కెట్లో కిలో 200 రూపాయల దాకా పలికింది. అలాంటి నెలల్లో సాంబారుకు చింతపండే పులుపు, కూరకు సొరకాయ, గుమ్మడి, దోసకాయ. ఆకుకూర చవకే గానీ 50 మందికి ఒలిచి, మూడు నీళ్లు మార్చి కడగడానికి ఇద్దరు మనుషులు గంటన్నర కూర్చోవాలి. చేతులు తక్కువున్న రోజు పెట్టుకోకూడని వంట అది. వారానికి రెండుసార్లు కూర బదులు ఉడికించిన శనగలో అలసందలో పెట్టండి. మనిషికి 40 గ్రాముల చొప్పున రెండు కిలోలు ముందు రాత్రి నానేస్తే చాలు. సాంబారులోని 30 గ్రాముల పప్పుతో వచ్చే మాంసకృత్తులు ఆరేడు గ్రాములకు మించవు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లకు అది చాలదు. ఎండాకాలం మాత్రం నానబెట్టిన నీళ్లు పడుకునే ముందు ఒకసారి మార్చాలి, లేకపోతే పొద్దుటికి నురగ కట్టి వాసన వస్తుంది.

చిత్తూరు పిల్లలు సంగటి అడుగుతారు, అడగాల్సిందే, మన తిండి. కానీ మొదటి ఆరు నెలలు వద్దు. ఐదారు కిలోల ముద్దను తెడ్డుతో కలపడానికి చేయి తిరిగినవాళ్లే కావాలి. ఉడుకుతున్న పిండి ఎగిరి ముంజేతి మీద పడితే అంటుకుని ఊడదు, కాలిన గాయం లోతుగా దిగుతుంది. మరిగే గిన్నెలను ఎత్తడం, దించడం ఏ రోజైనా వంటమాస్టరూ, ఆ పని నేర్చిన ఒక్క మనిషీ చేయాలి. వాలంటీర్లు తరగడం, వడ్డించడం, కడిగించడం చూసుకోవాలి. వంటగదిలో నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు, చున్నీ వెనక్కి ముడి. నైలాన్, పాలిస్టర్ బట్టలకు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి.

అన్నం గురించి ఒక మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే అందరూ పెరుగునో కొబ్బరి చట్నీనో అనుమానిస్తారు గానీ అన్నాన్ని అనుమానించరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా కుప్పగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పొద్దున తొమ్మిదింటికి వండి మూతపెట్టి, ఒంటిగంటన్నరకు వడ్డించిన చిత్రాన్నంతో కడుపులు తిరిగాయంటే కారణం చాలావరకు ఇదే. అందుకే అన్నం 11.45కి దిగేట్టు పొయ్యి ఎక్కించాలి, అంతకంటే ముందు వద్దు. వడ్డన అయ్యేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. కొన్ని వందల రూపాయలకు కాడ ఉన్న థర్మామీటరు దొరుకుతుంది. దాన్ని గిన్నె మధ్యలో గుచ్చి చూడాలి, పైన ఆవిరి కనబడితే లోపలా వేడిగా ఉందనుకోకూడదు. సాంబారు, కూర దించేముందు 75 డిగ్రీలు తాకాలి.

మిగిలింది ఏం చేయాలన్నది రోజూ వచ్చే ప్రశ్న. 1.30కి వరుస అయిపోయాక వేడిగా ఉన్నది వెంటనే తోటమాలులకు, సెక్యూరిటీ వాళ్లకు, పారిశుద్ధ్య కార్మికులకు కూర్చోబెట్టి పెట్టండి. రెండున్నర దాటితే ఎవరికీ వద్దు. సాయంత్రం బస్టాండులోనో స్టేషను దగ్గరో పంచుదామన్న ఆలోచన మనసుకు బాగుంటుంది గానీ, మన ఎండకు నాలుగు గంటలు బయట ఉన్న అన్నాన్ని పేదవాడికి పెట్టడం దయ కాదు. అసలు రోజూ మూడు కిలోలకు మించి మిగులుతుంటే మర్నాటి బియ్యం అరకిలో తగ్గించండి. వండిన ప్రతి వంటకంలోంచి 100 గ్రాములు శుభ్రమైన డబ్బాలో, తేదీ రాసి రెండు రోజులు ఫ్రిజ్‌లో దాచాలి. ఎవరికైనా తేడా చేస్తే డాక్టరుకూ అధికారులకూ చూపించడానికి అదొక్కటే ఆధారం. బడి భోజనంలో ఉన్నట్టే వడ్డనకు అరగంట ముందు ఒక అధ్యాపకుడు తిని సంతకం చేయడం మంచి పద్ధతి.

పెళ్లిళ్లలో మిగిలిన భోజనం తెచ్చి పెడితే ఖర్చే ఉండదు కదా అని కొందరు అంటారు. అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో 2001లో మొదలైన క్యాంపస్ కిచెన్లు అలా మిగులు ఆహారంతోనే నడిచాయి. అక్కడ మిగిలిన వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, చల్లగానే బండిలో వస్తుంది, చేరాక విద్యార్థులు దాన్ని విడగొట్టి కొత్తగా వండుతారు. మన కల్యాణ మండపంలో రెండింటికి చల్లారిన సాంబారుకు ఆ ఏర్పాటు లేదు. పైగా మిగులు ఆహారం పంచేవాళ్లకు కేంద్రం 2019లో విడిగా నిబంధనలు పెట్టింది. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లవద్దు. విప్పని బియ్యం బస్తాలు, కోయని కూరగాయలు మండపాల నుంచి సంతోషంగా తెచ్చుకోండి.

లైసెన్సు విషయం చాలామంది పట్టించుకోరు. ఉచితంగా పెడుతున్నాం, మాకెందుకు అంటారు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లాభం ఉన్నా లేకపోయినా ఆహారం పంచే సంస్థను లెక్కలోకి తీసుకుంటుంది. చిన్న వంటశాలకు ఆహార లైసెన్సులిచ్చే ప్రభుత్వ ఫోస్కోస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. యూనివర్సిటీ పేరిటే చేయించండి, ఏటా చదువు ముగించుకుని వెళ్లిపోయే విద్యార్థి పేరిట వద్దు. గ్యాసు కనెక్షన్ కూడా సంస్థ పేరిట కమర్షియల్‌దే తీసుకోవాలి. ఇంటి సిలిండరు వాడితే అది నేరం, ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు. గ్యాసు గాలికంటే బరువు, లీకయితే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి సిలిండర్లు గది బయట, నిలువుగా, పక్కన మురుగుకాల్వ గొయ్యి లేనిచోట ఉంచి, పైపు ద్వారా లోపలికి తేవాలి.

ఇప్పుడు మనుషులు. 50 పళ్లేలకు రోజుకు పదిమంది కావాలి. పొద్దున 7 నుంచి 8.30 దాకా తరగడానికి ముగ్గురు, వంటమాస్టరు దగ్గర ఒకరు, వడ్డనకు నలుగురు, కడిగేచోట ఇద్దరు. ఐదు రోజులకు యాభై వంతులు. ఒక్కొక్కరికి వారానికి ఒక్క వంతే ఇవ్వండి. ఇంకో పదిహేను మంది నిల్వ, మొత్తం 65 మంది. ఈ లెక్క చూసి చాలామంది, మా పదిహేను మందిమే రోజూ చేస్తాం అంటారు. వాళ్ల ఉత్సాహం నిజమైనదే, అందుకే దాన్ని కాపాడాలి. రోజూ వచ్చినవాళ్లు ఆరో వారానికి క్లాసులు పోయి, అటెండెన్సు తగ్గి, ఇంట్లో మాట పడి ఒక్కసారిగా మానేస్తారు, పదిహేను మందీ ఒకే వారంలో. వారానికి గంటన్నర ఇచ్చేవాళ్లు మూడేళ్లు నిలబడతారు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ప్రోగ్రాం ఆఫీసరు ఒప్పుకుంటే వంటశాల వంతులను అందులో జమ చేయించుకోవచ్చు.

పరీక్షల నెలకు విడిగా ప్రణాళిక ఉండాలి. సైన్సువాళ్లకు ప్రాక్టికల్స్, ఆర్ట్స్‌వాళ్లకు థియరీ ఒకేసారి పడవు కాబట్టి టైంటేబుల్ రాగానే వంతులు మార్చుకోండి. ఆ పదిహేను రోజులు తరిగే పనికి రోజుకూలీకి ఒకరిని పెట్టుకునేందుకు డబ్బు ముందే పక్కన పెట్టాలి. మెనూ కూడా తగ్గించాలి, పప్పు, అన్నం, మజ్జిగ, ఒక ఊరగాయ. వంటకాలు తగ్గినా పళ్లేలు తగ్గకూడదు. విరేచనాలు, వాంతులు అయిన వాలంటీరు తగ్గాక కూడా 48 గంటలు వంటగదిలోకి రాకూడదు. చేతికి గాయమున్నవాళ్లు బోర్డు, రిజిస్టరు చూసుకోవచ్చు. ఈ నియమం తలుపుకు అంటించి ఉంటే ఎవరూ ఎవరినీ వెళ్లమని చెప్పాల్సిన ఇబ్బంది ఉండదు.

వడ్డన దగ్గర ఆదాయ ధ్రువీకరణ పత్రం, తెల్లకార్డు, హాస్టల్ బకాయి రసీదు, ఏదీ అడగవద్దు. ఐడీ కార్డు చూపిస్తే టోకెన్, అంతే. నిజంగా అవసరమున్న విద్యార్థి రుజువు అడిగిన చోటికి రెండోసారి రాడు. స్తోమత ఉన్నవాళ్లు కూడా వచ్చి తింటారే అంటారు, తిననివ్వండి. కలిగినవాళ్లూ లేనివాళ్లూ ఒకే వరుసలో ఉన్నంతకాలం ఆ వరుసలో నిలబడటానికి ఎవరికీ సిగ్గుండదు. ఇవ్వగలిగినవాళ్లు వేయడానికి ఒక డబ్బా పెట్టండి, దాన్ని టోకెన్ బల్ల మీద కాకుండా చేతులు కడిగేచోట గోడకు బిగించండి. ఎవరు వేశారో ఎవరు వేయలేదో ఎవరికీ కనబడదు. తింటున్నవాళ్ల ఫొటోలు తీయవద్దు. దాత అడిగినా, పత్రికవాళ్లు అడిగినా గిన్నెల ఫొటో, బోర్డు ఫొటో ఇవ్వండి. ఈ విషయంలో మీ విలేకరులకు కూడా, ఎడిటర్ గారూ, మా మనవి ఇదే.

గరిటె కొలత ఒకటే ఉండాలి. మొదట అందరికీ పావుకిలో అన్నం, ఒక గరిటె సాంబారు. వరుస పూర్తయ్యాకే మారు వడ్డన. ఇది పాటించకపోతే జరిగేది ఒకటే. ఒంటిగంటా పదికి, ల్యాబు వదిలి ఆలస్యంగా వచ్చిన ఎనిమిది మంది వరుసలో ఉండగా సాంబారు గిన్నె అడుగు గరిటెకు తగులుతుంది. అప్పుడు వడ్డించే అమ్మాయి చేయి తెలియకుండానే సగం గరిటెకు వచ్చేస్తుంది. ముందు వచ్చినవాళ్ల పళ్లేల్లో అప్పటికి సాంబారు వదిలేసి ఉంటుంది. నలుగురు వడ్డిస్తే నిమిషానికి ఆరేడుగురు కదులుతారు, 50 మందికి పది నిమిషాలు కూడా పట్టదు. వరుస నెమ్మదిస్తే దాదాపు ఎప్పుడూ మజ్జిగ దగ్గరే, కాబట్టి మజ్జిగను వరుసలో కాకుండా కూర్చునేచోట పెట్టండి.

రోజూ మూడు అంకెలు రాయండి: ఎంతమంది తిన్నారు, ఎంతమంది వచ్చి ఖాళీగా తిరిగి వెళ్లారు, ఎన్ని కిలోలు మిగిలింది. రెండోది రాయడానికి మనసొప్పదు, కానీ 50ని 70కి పెంచాలో లేదో చెప్పేది అదే. వరుసగా నాలుగు వారాలు రోజుకు పదిమంది తిరిగి వెళ్తుంటే అప్పుడు పెంచండి. నెలాఖరులో, ఫీజులు కట్టే రోజుల్లో జనం ఎక్కువ వస్తారు. సెలవు ముందు రోజు సగమే ఉంటారు.

పళ్లేలు 70 స్టీలువి కొనండి. ప్లాస్టిక్, థర్మకోల్ పళ్లేలు 2022 జూలై నుంచి నిషేధం. విస్తరాకులు బాగానే ఉంటాయి గానీ రోజూ కొనాలి, రోజూ పారేయాలి. ఎవరి పళ్లెం వాళ్లు కడగడం మంచి అలవాటు, కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎంగిలి డబ్బా, సబ్బునీళ్ల తొట్టి, మంచినీళ్ల తొట్టి, చివర సలసలా కాగిన నీళ్ల గిన్నె వరుసగా పెట్టి, ఆఖరున వాలంటీరే జల్లిగంటెతో ముంచి తీసి ఎండకు బోర్లించాలి. కాలువ నోటికి జాలీ తప్పనిసరి. మెతుకులు గొట్టంలోకి వెళ్లి ఉబ్బితే వారంలో మురుగు వెనక్కి తన్నుతుంది, అప్పుడు పక్క డిపార్ట్‌మెంటు ఫిర్యాదుతో వంటశాల మూతపడుతుంది. డబ్బు లేక మూతపడిన వంటశాలల కంటే మురుగు వల్ల మూతపడినవే ఎక్కువని మాకనిపిస్తుంది.

డబ్బు ఎవరి సొంత ఫోన్ నంబరుకూ రాకూడదు. మంచివాడే అయినా, లెక్క పైసా పోకుండా చూపించినా, సొంత క్యూఆర్ కోడ్ గోడ మీద ఉన్నంతకాలం అనుమానం ఉంటుంది. ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు కలిసి సంతకం పెట్టే ఖాతా తెరిచి, నిన్నటి ఖర్చు ఇవాళ బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. నిలదొక్కుకున్నాక, ఏడుగురు సభ్యులు ఉంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించవచ్చు. మొదటి రోజే ఆ కాగితాల వెంట తిరగక్కర్లేదు.

యూనివర్సిటీ యాజమాన్యాలను మేం అడిగేది పెద్దదేమీ కాదు. వాడకంలో లేని పాత మెస్ గది ఒకటి, దానికి కుళాయి, పనిచేసే కాలువ, గాలి బయటికి పోయే ఫ్యాను, ఒక నిప్పునార్పే సిలిండరు, బాధ్యతగా సంతకం పెట్టే ఒక అధ్యాపకుడు. నీళ్ల ట్యాంకు మూడు నెలలకోసారి కడిగించే పనిని మాత్రం పిల్లల మీద వదలకుండా ఇంజనీరింగ్ విభాగం తన రిజిస్టరులో రాసుకోవాలి. గది తాళం చెవులు రెండు ఉండాలి, ఒకటి వంటమాస్టరు దగ్గర, ఇంకోటి హాస్టల్ వాచ్‌మన్ దగ్గర. పొద్దున ఏడింటికి తరగడానికి వచ్చిన ముగ్గురు పిల్లలు తాళం కోసం ఎనిమిదిన్నర దాకా గుమ్మంలో కూర్చుంటే, ఆ రోజు 12.15కి అన్నం ఉండదు.

ఇట్లు,
క్యాంపస్ వంటశాల పని తెలిసిన కొందరు పూర్వ విద్యార్థులు,
తిరుపతి